మొర వినిన చోటనే కొట్టు తెరువబడెను

మీ గ్రామములో నిన్న రాత్రి పొయ్యి రాజని ఇల్లు ఒకటైనను ఉండెనా? ఈ ప్రశ్నకు మనలో అనేకులము వెంటనే జవాబు చెప్పలేము. ఎవరి యింట పెండ్లియో, ఎవరి చేను ఎన్ని బస్తాలు పండెనో, ఎవరి గేదె ఈనెనో మనకు తెలియును. ఎవరి యింట బియ్యపు కుండ ఖాళీయైనదో మాత్రము తెలియదు. ఎందుకనగా ఆకలి కేకలు వేయదు. లేనివారు మానము గలవారు గనుక తలుపు దగ్గరగా వేసికొని, బిడ్డలకు ఉన్న గంజి పోసి పండుకొనబెట్టుదురు. మరునాడు ఎవరైనను భోజనమైనదా అని అడిగినయెడల అయినదనియే చెప్పుదురు.

ఇట్టివారికొరకు లోకములో అనేక దేశములందు ఆహారపు కొట్లు నడుచుచున్నవి. కలిగినవారు బియ్యమో, పప్పో, రొట్టెయో, పాల డబ్బాయో తెచ్చి అచ్చట పెట్టుదురు. ఆ ఊరివారే కొందరు జీతము కోరక వచ్చి, వాటిని ఏరి, సర్ది, లెక్క వ్రాసి, అక్కరగలవారికి అందింతురు. ఈ ఏర్పాటు ఎట్లు పుట్టినదో తెలిసికొనుట మన సంఘములకు మేలు. ఆ చరిత్రను తరచి చూచినయెడల ఒక సంగతి కనబడును. వీటిలో మిక్కిలి పేరుగాంచినవి ధనవంతుని ఆలోచనవలన గాని, పండితుని గ్రంథమువలన గాని పుట్టలేదు. ఆకలి రుచి ఎరిగిన స్త్రీ నోరు తెరచి మాటలాడగా, మరియొకరు ఆగి వినుటవలననే పుట్టినవి.

పరిగె ఏరుకొను హక్కు

మొదట పొలములోనికి వెళ్లుదము. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములోను, ద్వితీయోపదేశకాండము ఇరువదినాలుగవ అధ్యాయములోను కోత కోయువానికి కొన్ని ఆజ్ఞలు కలవు. చేని అంచులవరకు పూర్తిగా కోయకూడదు. రాలిన వెన్నులను ఏరుకొనకూడదు. మరచిన పనకొరకు మరల వెనుకకు పోకూడదు. ద్రాక్షతోటలో రాలిన పండ్లను కూర్చుకొనకూడదు. అవి బీదలకును, పరదేశులకును, తండ్రిలేనివారికిని, విధవరాండ్రకును చెందినవి.

ఇచ్చట గమనింపవలసిన సంగతి ఒకటి యున్నది. ఆ ధాన్యమును ఇంటికి తెచ్చి, గడపలో నిలిచినవానికి దోసెడు పోయుమని యజమానునికి ఆజ్ఞ రాలేదు. దానిని చేనిలోనే విడిచిపెట్టుమని వచ్చినది. బీదవాడు తానే వచ్చి, తన చేతులతో ఏరుకొని, తన తలమీద మోసికొనిపోవును. ఎవరి యెదుటను చేయి చాపనక్కరలేదు. అది దయాధర్మముకంటె గొప్పది. అది హక్కు.

రూతు అట్లే బోయజు పొలమునకు వచ్చినది. ఆమె విధవరాలు, మోయాబు దేశస్థురాలు. బోయజు తన పనివారిని పిలిచి, ఆమెను అవమానపరచవద్దనియు, పనలలోనుండి కొన్ని వెన్నులు కావలెననియే లాగి విడువుమనియు చెప్పెను. ఆమె సాయంకాలమువరకు ఏరి, దుళ్లగొట్టి, యవలు అత్తకు తీసికొనిపోయెను. బోయజు ఆమెకు ధాన్యమును మాత్రమే ఇచ్చెనా? ఆమె తల వంచకుండ ఇంటికి పోవునట్లు చేసెను. ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు. వరి కోతల పిమ్మట వెన్నులు ఏరుకొను ముసలమ్మలను, వేరుసెనగ చేలలో మిగిలిన కాయలను త్రవ్వుకొను పిల్లలను చూడని పల్లె మన దేశములో ఉండదు. వారిని అదలించిన ఆసాములును ఉన్నారు, చూచియు చూడనట్లు ప్రక్కకు తిరిగిన ఆసాములును ఉన్నారు. ఆ రెండవ వారికి బోయజు మనస్సు కలదు.

విధవరాండ్ర సణుగు

ఇక పొలము విడిచి పట్టణమునకు, యెరూషలేములోని ఆది సంఘమునొద్దకు వత్తము. విశ్వాసులు తమకు కలిగినదానిని కూర్చి, అక్కరగలవారికి అనుదినము ఆహారము పంచుచుండిరి. సంఘచరిత్రలో మొదటి ఆహారపు కొట్టు ఇదియేనని చెప్పవచ్చును. అయితే అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయములో ఒక సణుగు వినబడును. గ్రీకుభాష మాటలాడు యూదుల విధవరాండ్రకు ఆ పంపకములో భాగము సరిగా అందలేదు. హెబ్రీయుల విధవరాండ్రకు అందినది, వీరికి అందలేదు. భాష వేరైనవారు, బంధుబలము లేనివారు వరుసలో వెనుకబడుట ఏ కాలమందైనను జరుగునదే.

అప్పుడు అపొస్తలులు ఏమి చేసిరో జాగ్రత్తగా చూడుడి. పెట్టినది తిని ఊరకుండుమని వారు ఆ స్త్రీలను గద్దింపలేదు. ధర్మము పుచ్చుకొనువారికి ఫిర్యాదు చేయు అధికారము ఎక్కడిదని అడుగలేదు. ఆ సణుగును పనిలోని లోపమును చూపు గుర్తుగా ఎంచిరి. సంఘమంతటిని పిలిచి, మంచి పేరుపొందిన ఏడుగురిని ఏర్పరచుకొనుమని చెప్పిరి. ఆ యేడుగురి పేర్లు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేర్లే! కాబట్టి అన్యాయము పొందినవారి పక్షమునుండియే వారు ఏర్పరచబడిరని వ్యాఖ్యాతలు అనేకులు తలంచుచున్నారు. ఎవరి గిన్నె నిండలేదో వారి మనుష్యుల చేతికే గరిటె ఇచ్చిరన్నమాట.

ఆ గరిటె అక్కడితో ఆగిపోలేదు. క్రీస్తు శకము 251లో రోమా సంఘపు అధ్యక్షుడైన కొర్నేలి ఒక ఉత్తరములో, తమ సంఘము 1,500 మందికి పైగా విధవరాండ్రను, ఇబ్బందిలో నున్నవారిని పోషించుచున్నదని వ్రాసెను. ఆ ఉత్తరములోని భాగమును సంఘచరిత్రకారుడైన యూసెబియసు తన గ్రంథములో భద్రపరచెను.

303లో డయొక్లీషియను చక్రవర్తి సంఘమును హింసించిన కాలమున, ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా పట్టణములో అధికారులు సంఘపు ఇంటిని సోదా చేసి, దొరికిన వస్తువులన్నిటిని జాబితా వ్రాసిరి. ఆ పట్టణము నేటి అల్జీరియాలోని కాన్‌స్టాంటీను. ఆ జాబితా నేటికిని నిలిచియున్నది. పూజకు వాడు బంగారు, వెండి గిన్నెలతో పాటు వారికి దొరికినవేవి? స్త్రీల అంగీలు 82, మేలిముసుగులు 38, పురుషుల అంగీలు 16, పురుషుల చెప్పులు 13 జతలు, స్త్రీల చెప్పులు 47 జతలు. భోజనశాలలో పెద్ద తొట్లు 4, జాడీలు 6. ఇవి బీదలకొరకు కూర్చినవని చరిత్రకారులు గ్రహించుచున్నారు. పురుషుల బట్టలకంటె స్త్రీల బట్టలు ఎంత ఎక్కువయో చూచితిరా? శత్రువులు నిందింపవచ్చి వ్రాసిన లెక్కయే ఆ సంఘమునకు సాక్ష్యమైనది. మన గుడిలో నేడు సోదా జరిగినయెడల, బీదలకొరకు దాచినది ఏమి దొరకును?

ఆ పిమ్మట 368వ సంవత్సర ప్రాంతమున, నేటి టర్కీ దేశములోనున్న కైసరియలో వానలు లేక కరవు వచ్చెను. ధాన్యము కలవారు ధర ఇంకను పెరుగునని కొట్లకు తాళములు వేసికొనిరి. అప్పటికి బాసిలు అనునాయన ఆ ఊరిలో పెద్దగా ఉండెను, ఇంకను అధ్యక్షుడు కాలేదు. ఆయన తన ప్రసంగములచేత వారి మనస్సులను కదలించి ఆ కొట్లు తెరిపించెను. ఆకలిగొన్నవారిని ఒకచోట చేర్చి, పెద్ద పాత్రలలో పప్పుకూర వండించి, తానే వడ్డించెనని ఆయన స్నేహితుడైన గ్రెగొరి చెప్పెను.

పదిమంది బిడ్డల తల్లి

ఇట్టి పంపకము ఏ శతాబ్దములోను పూర్తిగా ఆగలేదు. అయితే నేడు లోకమంతట వ్యాపించిన "ఆహారపు బ్యాంకు" అను ఏర్పాటు అమెరికా దేశములో 1967లో పుట్టినది. ఆ కథ వినదగినది.

జాన్ వాన్ హెంగెల్ అనునాయన 1923లో విస్కాన్సిన్ రాష్ట్రములో పుట్టెను. అనేక ఉద్యోగములు చేసెను, కుటుంబము చెదరిపోయెను. తుదకు రాళ్ల క్వారీలో కూలికి కుదిరెను. అక్కడ దెబ్బ తగిలి, శస్త్రచికిత్స జరిగి, కాళ్లు బలహీనమాయెను. వెచ్చని గాలి మంచిదని అరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు పట్టణమునకు వచ్చి, కొంత కోలుకొనెను. లోకము లెక్కలో ఆయన ఓడిపోయిన మనుష్యుడు. రోమను కథోలిక విశ్వాసియైన ఆయన, బీదలకు అన్నము పెట్టు సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘపు భోజనశాలలో జీతము లేక పనిచేయసాగెను.

ఫీనిక్సు ఎడారి పట్టణమైనను పెరళ్లలో నారింజ, నిమ్మజాతి చెట్లు మెండు. పండ్లు రాలి క్రుళ్లిపోవుచుండెను. వాన్ హెంగెల్ ఇంటివారిని అడిగి, ఆ పండ్లు కోయించి భోజనశాలకు చేర్చుచుండెను. ఇది పరిగె కాక మరేమి?

అచ్చటికి భోజనమునకు వచ్చువారిలో ఒక తల్లి యుండెను. పదిమంది బిడ్డలు, భర్త చెరసాలలో నుండెను. బిడ్డలను ఎట్లు పోషించుచున్నావని వాన్ హెంగెల్ ఆమెను అడుగగా, పెద్ద దుకాణముల వెనుకనుండు చెత్తతొట్లలో వెదకి తెచ్చుకొనుచున్నానని చెప్పెను. అందులో తినదగిన మంచి ఆహారము ఎంతయో పారవేయబడుచున్నదని చెప్పెను. డబ్బు దాచుకొనుటకు బ్యాంకులున్నట్లు, మిగిలిన ఆహారమును ఒకరు తెచ్చి జమకట్టుటకును, అక్కరగలవారు వచ్చి తీసికొనుటకును ఒక చోటు ఉండిన బాగుండునని కూడ చెప్పెను.

ఎందరో ఆ మాట విని, అయ్యో పాపమని నిట్టూర్చి పోయియుందురు. వాన్ హెంగెల్ ఆ దుకాణముల వెనుకకు వెళ్లి చూచెను. ఆమె చెప్పినది నిజము. కట్ట విడిపోయిన కూరగాయలు, ఒకనాటి రొట్టెలు, అట్టపెట్టె నలిగిన సరకులు అక్కడ పడియుండెను. తినుటకు పనికివచ్చును గాని అమ్ముటకు పనికిరావు. దుకాణదారులను అడుగగా, పారవేయుటకంటె ఇచ్చుటకే వారు ఒప్పుకొనిరి. ఆయన సెయింట్ మేరీ దేవాలయమునకు పోయి, ఈ పని మీరు చేయుడని కోరెను. వారు ఆయననే చేయుమని చెప్పి, పాడుపడిన రొట్టెల కార్ఖానా కట్టడమును, 3,000 డాలర్లను ఇచ్చిరి. అందుచేత దానికి సెయింట్ మేరీ ఆహారపు బ్యాంకు అని పేరు వచ్చెను. మొదటి సంవత్సరములోనే 2,75,000 పౌన్ల ఆహారము, అనగా మన లెక్కలో సుమారు 1,250 క్వింటాళ్లు, ఆకలిగొన్నవారికి చేరినది. అంతయు చెత్తతొట్టికి పోవలసినదే!

బ్యాంకునకును కొట్టునకును భేదమున్నది. బ్యాంకు పెద్ద గిడ్డంగి వంటిది. దుకాణములు, రైతులు, కార్ఖానాలు ఇచ్చినది అక్కడ చేరును. అక్కడనుండి వీధివీధిని దేవాలయములలోను, సమాజ గృహములలోను జీతము లేనివారు నడుపు చిన్న కొట్లు తీసికొనిపోయి ఇంటింటివారికి అందించును. పెద్ద చెరువు, చిన్న కాలువలు అనుకొనుడి.

వాన్ హెంగెల్ ఈ ఆలోచనను తనదని దాచుకొనలేదు. అడిగిన పట్టణములకెల్ల నేర్పెను. 1975లో దేశ ప్రభుత్వము ఇందుకు సహాయధనమిచ్చెను. 1976లో వచ్చిన పన్నుల చట్టము ఆహారమును దానము చేయు కంపెనీలకు అనుకూలమాయెను. 1977నాటికి 18 పట్టణములలో బ్యాంకులు ఏర్పడెను. వాటిని కలుపు సంఘమునకు 1979లో పెట్టిన పేరునకు అర్థము "రెండవ కోత". యజమాని కోసిన తరువాత బీదవాడు కోయు కోత, అనగా పరిగె! రూతు పొలము అమెరికా గిడ్డంగివరకు వచ్చినది. 2008లో ఆ సంఘము పేరు "ఫీడింగ్ అమెరికా" అని మారినది. దాని క్రింద సుమారు 200 ఆహారపు బ్యాంకులు పనిచేయుచు, దాదాపు 60,000 కొట్లకును భోజనశాలలకును ఆహారము చేర్చుచున్నవి. వాన్ హెంగెల్ చివరవరకు నిరాడంబరముగా బ్రదికి 2005లో మరణించెను. చరిత్ర ఆయన పేరు చెప్పును. ఆ తల్లిని మాత్రము పదిమంది బిడ్డల తల్లి అనియే చెప్పును. అయినను మొదటి ఆలోచన ఆమెది.

శిఖరము నీడలో ఆకలి

ఇంగ్లాండు దేశములో సాలిస్బరీ అను పట్టణము కలదు. ఆ దేశములోకెల్ల ఎత్తైన దేవాలయ శిఖరము అచ్చటిదే, 404 అడుగులు. అట్టి ఊరిలో ఆకలి యుండునని ఎవరు తలంతురు?

ఆ ఊరివారైన పాడీ హెండర్సన్, ఆయన భార్య కారోల్, 1997లో ఒక ధర్మసంస్థను స్థాపించిరి. కారోల్ తల్లి విడిచిపోయిన ఆస్తితో మొదలుపెట్టిరి గనుక ఆమె యింటిపేరుతో దానికి ట్రస్సెల్ ట్రస్టు అని పేరుపెట్టిరి. బల్గేరియా దేశపు రాజధానియైన సోఫియాలో రైలు స్టేషనులో పండుకొను దిక్కులేని పిల్లలకు సహాయము చేయుట వారి పని. 2000 సంవత్సరములో ఆ పిల్లలకొరకు విరాళములు అడుగుచుండగా, సాలిస్బరీలోని ఒక తల్లి వారికి టెలిఫోను చేసెను. తన బిడ్డలు ఆ రాత్రి ఆకలితో పండుకొనబోవుచున్నారనియు, దానికి వారేమి చేయుదురనియు అడిగెను.

దూరదేశపు పిల్లలకొరకు కష్టపడువారికి ఆ మాట ముల్లువలె గుచ్చుకొనవచ్చును. అయినను హెండర్సన్ కోపపడలేదు. విచారించి చూడగా, జీతము ఆలస్యమైనందుననో, జబ్బు చేసినందుననో, ఉద్యోగము పోయినందుననో, కొన్ని దినములు తిండి లేక గడుపు కుటుంబములు తన ఊరిలోనే అనేకము కనబడెను. ఆయన తన తోటలోని చిన్న కొట్టములోను, మోటారు కారు పెట్టు గదిలోను ఆహారము కూర్చి పంచుట ప్రారంభించెను.

వారి పద్ధతి తెలిసికొనదగినది. దేవాలయములకును దుకాణములకును వచ్చువారు నిలువయుండు సరకులు ఇత్తురు. సేవకులు వాటిని తూచి, చెడిపోవు తేదీలు చూచి, వేరువేరుగా సర్దుదురు. ఒక మనుష్యునికి మూడు దినములకు చాలునంత కట్ట కట్టుదురు. వైద్యుడో, ఉపాధ్యాయుడో, పేదల బాగోగులు చూచు ఉద్యోగియో ఒక చీటి వ్రాసి పంపును. వచ్చినవారిని వరుసలో నిలువబెట్టక, కూర్చుండబెట్టి, టీ ఇచ్చి, కష్టసుఖములు అడుగుదురు. ఆ మాటలలోనే అసలు చిక్కు ఏమిటో బయటపడును.

2004 మొదలుకొని వారు ఇతర సంఘములకు ఈ పని నేర్పిరి. 2023 ఏప్రిల్ మొదలు 2024 మార్చివరకు ఆ కొట్లనుండి 31 లక్షలకు పైగా ఆహారపు కట్టలు వెళ్లెను. వాటిలో 11 లక్షలకు పైగా పిల్లలకొరకైనవి. ఈ లెక్క విని సంతోషింపవలెనా, దుఃఖింపవలెనా? ఆ పని చేయువారే దుఃఖపడుచున్నారు. కొట్టు అవసరము లేని దినము రావలెనని వారు బహిరంగముగా చెప్పుచు, కూలి చాలనందునను, ప్రభుత్వ సహాయము ఆలస్యమైనందునను ఆకలి పుట్టుచున్నదని అధికారులతో వాదించుచున్నారు. గాయమునకు కట్టు కట్టువాడు, ఆ గాయము చేసినది ఏదని కూడ అడుగవలెను గదా.

అన్నము ఎర కాకూడదు

ఈ పనిలో ఒక అపాయము కలదు. పెట్టువాని మనస్సులో తెలియకుండనే ఒక గాలము దాగియుండవచ్చును. ఈ విషయమున మన తెలుగు నేలమీదనే ఒక దృష్టాంతము కలదు.

1876 మొదలు 1878 వరకు వచ్చిన మహా కరవులో ఒంగోలు ప్రాంతమున లెక్కలేనంతమంది ఆకలితో అల్లాడిరి. అచ్చట అమెరికను బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వు పనిలో మూడున్నర మైళ్ల భాగమును ప్రభుత్వమునుండి గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. వారు బిచ్చముగా తినలేదు. పలుగు, పార పట్టి, తట్టలెత్తి, కూలి సంపాదించుకొనిరి. ఆ కాలమున అనేకులు బాప్తిస్మము కోరినను, గింజలకొరకు వచ్చిరేమోనని ఆయన ఇయ్యలేదు. కరవు సహాయము ముగిసినను ప్రజలు విడువక వచ్చిరి. అప్పుడు, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటి ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము సాధారణముగా ఆ సంఖ్యనే తలంచుకొని ఆనందింతుము. దానికి ముందున్న నిరీక్షణను కూడ తలంచుకొనవలెను. అన్నము అన్నముగానే ఇయ్యబడవలెను, ఎరగా కాదు.

పిడికెడు చాలును

అయ్యా, అమెరికా వారికి పెద్ద దుకాణములు, ఇంగ్లాండు వారికి మోటారు కార్లు ఉన్నవి, మా పల్లె సంఘమునకు ఏమున్నదని మీరు అడుగవచ్చును. మిజోరము కొండలవైపు చూడుడి. అచ్చటి స్త్రీలు 1910లో ఒక అలవాటు మొదలుపెట్టిరి. వంటకు బియ్యము తీసినప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా తీసి పెట్టుదురు. దానిని సంఘస్త్రీలు కూర్చి అమ్మి, ఆ సొమ్మును సంఘపు పనికి ఇత్తురు. ఆ మరుసటి సంవత్సరమే, 1911-12లో, వెదురు పూచి, ఎలుకలు పెరిగి, పంట తినివేసి, కరవు వచ్చెను. అయినను ఆ పిడికెడు ఆ కరవును దాటి నేటివరకు నిలిచినది. ఇప్పుడు దాని విలువ ఏటేట కోట్ల రూపాయలగుచున్నది. అది మిగిలినదానినుండి తీసినది కాదు, ఉన్నదానినుండి తీసినది.

మన తెలుగు సంఘములలోను స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము ఎత్తిపెట్టి గుడికి తెచ్చు ఆచారము అనేకచోట్ల కలదు. ఆ బియ్యములో కొంతభాగము మన ఊరి ఆహారపు కొట్టునకు మొదటి విత్తనము కాగూడదా?

2013 నాటి ఆహార భద్రతా చట్టముక్రింద అర్హులైనవారికి మనిషికి నెలకు 5 కిలోల చొప్పున తిండిగింజలు వచ్చుచున్నవి. 2023 జనవరినుండి వాటికి వెల కూడ లేదు. ఇది గొప్ప మేలే. అయినను రేషను కార్డులో పేరు ఎక్కనివారు కలరు. పని చేసి చేసి అరిగిన వ్రేళ్ల ముద్ర యంత్రమునకు అందని ముసలివారు కలరు. వలస వచ్చి ఇటుక బట్టీలయొద్ద గుడిసె వేసికొనినవారు కలరు. బియ్యము ఉండియు పప్పు, నూనె లేక గొడ్డుకారముతో తినువారు కలరు. వీరిని ఎట్లు కనుగొందురు? లెక్కల పుస్తకము చెప్పదు. వీధిలో తిరిగి, అరుగుమీద కూర్చుండి, వినువారికే తెలియును.

కాబట్టి కొట్టు పెట్టదలచిన సంఘము మొదట వినువారిని ఏర్పరచుకొనవలెను. ఇద్దరు తల్లులు, ఒక యౌవనుడు చాలును. పిమ్మట ఎలుకలు చేరని, చెమ్మ ఎక్కని ఒక గది చూచుకొనవలెను. వేపాకు వేసి బియ్యము నిలువచేయుట మన తల్లులకు ఎవరును నేర్పనక్కరలేదు. ముందు వచ్చినది ముందు పోవలెను. వచ్చినదానికిని పోయినదానికిని ఇద్దరు కలిసి లెక్క వ్రాయవలెను. లెక్క అందరికిని చూపవచ్చును, పుచ్చుకొనినవారి పేర్లు మాత్రము గుడిలో చదువకూడదు. కులమును, మతమును అడుగకూడదు. కార్డు లేనివారిని కార్యాలయమునకు తీసికొనిపోయి, వారికి రావలసినది వచ్చువరకు వెంట తిరుగవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పుచ్చుకొనువారిలో ఒకరినైనను ఆ కొట్టు పెద్దలలో కూర్చుండబెట్టవలెను. యెరూషలేము సంఘము నేర్పిన పాఠము అదియే.

ఆ పెద్దలలో కూర్చున్న ముసలమ్మ ఒకనాడు మీ పంపకములో తప్పు చూపవచ్చును. బియ్యములో రాళ్లున్నవనియో, ఫలానావారికి అందలేదనియో సణుగవచ్చును. అప్పుడు నొచ్చుకొనకుడి. యెరూషలేము విధవరాండ్రును అట్లే సణిగిరి. పదిమంది బిడ్డల తల్లి చెత్తతొట్టిలోని అన్నమును గూర్చి సిగ్గు విడిచి చెప్పెను. సాలిస్బరీ తల్లి దూరదేశపు బిడ్డలకు పెట్టువారిని మా బిడ్డల సంగతి ఏమని నిలదీసెను. ఆ మాటలు విననొల్లని చెవులకు చేరియుండినయెడల, నేడు లక్షల కుటుంబములకు అందుచున్న ఆహారము అందకయే పోయియుండును.

ప్రియ చదువరులారా, కొట్టునకు తాళపుచెవి కావలెను, నిజమే. దానికంటె ముందు వినెడు చెవి కావలెను. అది బీద సంఘమునకు కూడ కలదు. ఈ వారము మీ వీధిలో ఎవరి మాట ఎవరును వినుటలేదో, ఆ గడపకు వెళ్లి కూర్చుండుడి.